పొట్టి సీతాకోక మొక్క మన ఎండల్లో నిలబడాలంటే: బడ్లియా పెంచే పద్ధతి

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "నర్సరీలో బటర్‌ఫ్లై బుష్ అని ఇచ్చారు. నిండా పూలతో తెచ్చుకున్నాం. నెల తిరిగేసరికి ఆకులు వడిలిపోయి కట్టె మిగిలింది. మా ఎండకేనా?" అని.

ఎండ ఒక కారణమే. కానీ ఎండకు భయపడి పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోసి వేర్లు కుళ్లబెట్టడం అంతకంటే పెద్ద కారణం. ఈ మొక్కకు తిండి తక్కువైనా ఫర్వాలేదు, వెలుతురు కావాలి, వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ బటర్‌ఫ్లై బుష్ అసలు పేరు బడ్లియా, దాని పుట్టిల్లు మధ్య చైనా కొండ ప్రాంతం. చలి దేశాల తోటల్లో రాజ్యమేలే మొక్క ఇది. మే నెలలో 44 డిగ్రీలు దాటే మన దగ్గర అదే జోరు ఆశించొద్దు. మన వాతావరణంలో అక్టోబరు నుంచి మార్చి దాకా దాని కాలం. ఏప్రిల్, మే నెలల్లో అది బతికి బయటపడితే చాలు, పూయకపోయినా బాధపడకండి.

కొనేముందు మొక్కను గుర్తుపట్టండి

నర్సరీల్లో ఒకే పేరుతో రెండు మూడు మొక్కలు అమ్ముతారు. పేరు కాదు, ఆకు చూడండి.

బడ్లియా ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా వస్తాయి. సన్నగా, పొడవుగా, కొన తేలి ఉంటాయి. ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు కనిపిస్తుంది, వేలితో రుద్దితే మెత్తగా తగులుతుంది. పువ్వు కంకిలా వస్తుంది, గునుగు పువ్వును కాస్త లావు చేసి కొమ్మ చివర గుచ్చినట్టు. దగ్గరగా చూస్తే ఆ కంకి అంతా నాలుగేసి రెక్కల చిన్న చిన్న గొట్టాలు. చాలా రకాల్లో ఒక్కో గొట్టం నోటి దగ్గర నారింజ రంగు చుక్క ఉంటుంది. తేనె వాసన వస్తుంది.

నీలం పూలకు పొడవాటి కేసరాలు మీసాల్లా వంగి, ఒక రెక్క ముదురు నీలంగా, మిగతా నాలుగు లేత నీలంగా ఉంటే అది వేరే మొక్క. ఆఫ్రికా నుంచి వచ్చిన రోథికా. దాన్నీ బ్లూ బటర్‌ఫ్లై అనే అమ్ముతారు. మంచి మొక్కే, కానీ దానికి కాస్త నీడ, ఇంకాస్త తడి కావాలి. ఇక్కడ చెప్పే పద్ధతి దానికి పనికిరాదు. బటర్‌ఫ్లై పీ అని తీగ ఇస్తే అది మన శంఖుపుష్పం, దానికి ఏ గైడూ అక్కర్లేదు.

ఇక సైజు. మామూలు బడ్లియా ఎనిమిది, పది అడుగులు లేస్తుంది. ఇంటి ముందు జాగాకు, బంగ్లా మీద కుండీకి పొట్టి రకాలే సరి. పగ్‌స్టర్ వరుస రకాలు రెండడుగులకు అటూ ఇటూ ఆగుతాయి. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో తయారైన బ్లూ చిప్ రెండు నుంచి రెండున్నర అడుగులు. బజ్ వరుస మూడు, నాలుగు అడుగుల దాకా వెళ్తుంది. మన నర్సరీ వాళ్లు రకం పేరు చెప్పలేకపోతే కణుపులు చూడండి. కణుపుకూ కణుపుకూ మధ్య దూరం తక్కువగా ఉండి, మొదలు నుంచే నాలుగైదు కొమ్మలు చీలి ఉంటే పొట్టి రకం అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే కొమ్మ నిటారుగా సాగి ఉంటే వదిలేయండి.

ఆన్‌లైన్‌లో వందకో రెండొందలకో వచ్చే "డ్వార్ఫ్ బడ్లియా విత్తనాలు" కొనకండి. పొట్టి రకాలను కొమ్మ ముక్కల నుంచే పెంచుతారు. విత్తనం నుంచి వచ్చిన మొక్క తల్లిలా పొట్టిగా ఉంటుందన్న భరోసా లేదు, కొన్ని కొత్త రకాలకైతే విత్తనమే దాదాపు పట్టదు. ప్యాకెట్ మీద ఇంద్రధనుస్సు రంగుల కంకి బొమ్మ ఉంటే అసలే వద్దు, అలాంటి పువ్వు లేదు.

కావలసినవి

- ఆరోగ్యమైన మొక్క ఒకటి. నిండా పూసినదానికంటే పూలు తక్కువ, కొమ్మలు ఎక్కువ ఉన్నది మేలు.
- 14 అంగుళాల మట్టి కుండీ. ప్లాస్టిక్ అయితే తెల్లది లేదా లేత రంగుది. నల్ల కుండీ మన ఎండకు వేర్లను ఉడకబెడుతుంది.
- రెండు పాళ్లు ఎర్ర చల్క మట్టి, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు.
- గుప్పెడు వేపపిండి.
- పదునైన కత్తెర, తుడవడానికి కొంచెం స్పిరిట్ లేదా శానిటైజర్.
- 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ ముక్క. ఇది ఎండాకాలానికి.
- అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). ఎరువుల దుకాణంలో, కిరాణాలో దొరుకుతాయి. అవసరం పడితేనే.

కోకోపీట్ ఎక్కువ కలిపిన రెడీమేడ్ మట్టి వాడొద్దు. వానాకాలంలో అది నీళ్లు పట్టుకుని వదలదు, ఎండాకాలంలో ఒక్కసారి పూర్తిగా ఆరితే మళ్లీ తడవదు. ఈ మొక్కకు రెండూ నష్టమే.

ఎలా నాటాలి

1. కాలం చూసుకోండి. బతుకమ్మ పండుగ అయిపోయి వానలు వెనక్కి తగ్గాక, అంటే అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా మంచి అదును. నేలలో ఇంకా పదును ఉంటుంది, ఎండ తగ్గుతుంది, వచ్చే ఎండాకాలానికి వేర్లు లోపలికి దిగడానికి నాలుగైదు నెలలు దొరుకుతాయి. రెండో అదును మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక. అప్పుడైతే నేలలో కాకుండా కుండీలోనే పెట్టండి, ముసురు పట్టినప్పుడు చూరు కిందకు జరపొచ్చు. ఫిబ్రవరి, మార్చిలో నర్సరీలు పూలతో కళకళలాడుతుంటాయి, అప్పుడే మనసు లాగుతుంది. ఆగండి. అప్పుడు తెచ్చిన మొక్క వేరు పట్టకముందే ఎండలు ముదురుతాయి.

2. చోటు ఎంచుకోండి. పుస్తకాల్లో "పూర్తి ఎండ" అని రాసి ఉంటుంది. అది లండన్ ఎండ. మన దగ్గర పొద్దున నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎండ పడి, ఆ తర్వాత గోడ నీడో చెట్టు నీడో వచ్చే చోటు కావాలి. ఇంటికి తూర్పు వైపు అయితే బాగుంటుంది. పడమటి గోడ పక్కన పెట్టొద్దు. సాయంత్రం ఎండతోపాటు గోడ సెగ కూడా తగులుతుంది, రాత్రి తొమ్మిదింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. రోజుకు ఆరు గంటల ఎండ కంటే తగ్గితే మొక్క సాగుతుంది, పూలు రావు.

3. నేలలో నాటాలనుకుంటే నీళ్లు దిగుతున్నాయో లేదో చూడండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక రెండోసారి నింపి, ఒక పుల్ల గుచ్చి నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. గంటకు రెండు మూడు అంగుళాలు దిగితే నిశ్చింతగా నాటొచ్చు. ఎర్ర చల్క, దుబ్బ నేలల్లో సాధారణంగా దిగుతుంది. అంగుళం కూడా దిగకపోతే, నల్లరేగడిలో ఇదే జరుగుతుంది, ఆ గుంతలో పెట్టొద్దు. రేగడిలో గుంత తీసి అందులో ఇసుక నింపితే సరిపోతుందనుకుంటారు. చుట్టూ ఉన్న బంకమట్టి నీటిని వదలదు కాబట్టి ఆ గుంత తొట్టిలా తయారవుతుంది. దానికి బదులు నేల మీదే అడుగు, అడుగున్నర ఎత్తున మట్టి దిబ్బ పోసి, చుట్టూ రాళ్లు పేర్చి, దిబ్బ మీద నాటండి. షాబాద్ బండల ముక్కలు ఇంటి వెనక పడి ఉంటే ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. కింద గట్టి మొరం తగిలితే గడ్డపారతో ఇంకో అడుగు పగలగొట్టండి, లేకపోతే కుండీయే మేలు.

4. వేరు ముద్దను చూడండి. చాలామంది వదిలేసే పని ఇది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. మన నర్సరీలకు మొక్కలు ఎక్కువగా కడియం నుంచి లారీల్లో వస్తాయి. వాటిలో కొన్ని బిగుసుకుపోయిన బంకమట్టి ముద్దతో ఉంటాయి. కవరు చించగానే ఇటుకలా గట్టిగా కనిపిస్తే దాన్ని అలాగే గుల్ల మట్టిలో పెట్టకండి. మీరు పోసిన నీళ్లన్నీ చుట్టూ ఉన్న గుల్ల మట్టిలోంచి జారిపోతాయి, లోపలి ముద్ద ఎండుగానే ఉంటుంది. పైకి మట్టి తడిగా, లోపల వేరు దాహంతో. ముద్దను అరగంట బకెట్ నీళ్లలో నానబెట్టి, వేళ్లతో నెమ్మదిగా బయటి మట్టిని మూడో వంతు దాకా రాల్చండి. వేర్లు తెల్లగా, లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. నల్లగా, జారుగా ఉన్నవి కత్తిరించేయండి. వేర్ల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే నులిపురుగు ఉన్నట్టు, ఆ మొక్కను వెనక్కి ఇచ్చేయండి.

5. నాటండి. కుండీ రంధ్రాల మీద పెంకు ముక్కలు బోర్లించి, మట్టి మిశ్రమంలో గుప్పెడు వేపపిండి కలిపి సగం దాకా నింపండి. మొక్క నర్సరీ కవరులో ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టాలి. మొదలు చుట్టూ మట్టి ఎక్కించి పూడిస్తే కాండం కుళ్లుతుంది. వేలితో అదమండి, కాలితో తొక్కొద్దు. కుండీ అంచు నుంచి రెండు అంగుళాలు ఖాళీ ఉంచండి. నేలలో అయితే మొక్కకూ మొక్కకూ మూడడుగులు వదలండి. సాయంత్రం పూట నాటి, అడుగు రంధ్రం నుంచి నీళ్లు కారేదాకా పోసి, వారం రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా ఎండకు జరపండి. నేలలో నాటిన మొక్కకు ఆ వారం పైన షేడ్ నెట్ కడితే సరి.

6. ఉన్న పూలు కోసేయండి. మనసు ఒప్పదు, అయినా కోయండి. నాటిన మూడు వారాల దాకా మొక్క బలం వేరుకు పోవాలి.

7. నీళ్లు వేలితో కొలవండి. రెండు అంగుళాల లోతు దాకా వేలు దించి, పొడిగా తగిలితేనే పోయండి. పోసినప్పుడు అడుగు నుంచి కారేటట్టు పోయండి. రోజూ ఒక గ్లాసు పోసే అలవాటు మానుకోవాలి. చలికాలంలో కుండీకి మూడు నాలుగు రోజులకోసారి, ఎండాకాలంలో దాదాపు రోజూ పడుతుంది. కానీ అది లెక్క కాదు, వేలు చెప్పిందే లెక్క. కుండీ కింద ప్లేటు పెట్టి నీళ్లు నిలవనివ్వొద్దు.

8. కొనలు తుంచండి. కొత్త చిగుర్లు అరడుగు పెరిగాక ప్రతి కొమ్మ కొనను రెండు ఆకుల పైన గిల్లేస్తే, పక్క నుంచి రెండేసి కొమ్మలు వస్తాయి. పొట్టి రకానికి ఇది ఒకసారి చేస్తే చాలు.

9. వాడిన కంకి తీసేయండి. కంకి కింద నుంచి పైకి పూస్తూ పోతుంది. ముప్పాతిక వంతు గోధుమ రంగుకు తిరిగితే, దాని కింద ఉన్న మొదటి ఆకుల జత పైన కత్తిరించండి. రెండు మూడు వారాల్లో ఆ కణుపు నుంచి మళ్లీ మొగ్గ కనిపిస్తుంది. వారానికోసారి కత్తెర పట్టుకుని చుట్టూ తిరిగితే పూత ఆగదు. విత్తనం పడకుండా కూడా ఇదే మార్గం. బ్రిటన్‌లో రైలు పట్టాల వెంట, పాడుబడ్డ గోడల మీద ఈ మొక్క అడ్డూ అదుపూ లేకుండా పెరిగిపోయింది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో విత్తనం పట్టే రకాల అమ్మకం మీద ఆంక్షలున్నాయి.

10. ఏడాదికోసారి గట్టిగా కత్తిరించండి. పూలు కొత్త కొమ్మకే వస్తాయి, ముదురు కొమ్మ ఉంచితే ఆకులే. చలి దేశాల్లో ఈ పని వసంతం ముందు చేస్తారు. మనం అలా ఫిబ్రవరిలో చేస్తే లేత చిగురు సరిగ్గా ఎండల నోట్లో పడుతుంది. జూన్‌లో తొలకరి పడి గాలి చల్లబడ్డాక, మొదలు నుంచి అడుగు ఎత్తు ఉంచి మిగతాది కోసేయండి. ప్రతి కొమ్మకు కనీసం రెండు మూడు కణుపులు మిగలాలి. ఏప్రిల్, మే నెలల్లో కత్తెర ముట్టుకోవద్దు.

ఎండాకాలం దాటించడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కుండీలో మొక్క సంగతి చెప్పాలా. మార్చి చివరి వారంలోనే షేడ్ నెట్ కట్టండి, వాడిపోయాక కడితే లాభం లేదు. నెట్ మొక్క మీద పడుకోకూడదు, రెండడుగుల పైన ఉండాలి, గాలి ఆడాలి. కుండీ బంగ్లా మీద ఉంటే కిందకు దించండి. దించలేకపోతే స్లాబ్ మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద పెట్టి, కుండీ చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. మొక్క మొదట్లో రెండు అంగుళాల మందాన వేరుశనగ పొట్టు గానీ ఎండుటాకులు గానీ పరవండి, కాండానికి తగలకుండా.

మధ్యాహ్నం ఆకులు వేలాడినా కంగారు పడి నీళ్లు పోయకండి. సాయంత్రం ఆరు తర్వాత చూడండి. లేచి నిలబడితే అది ఎండ నుంచి తన్ను తాను కాపాడుకుంటోందన్నమాట. సాయంత్రానికి కూడా లేవకపోతే, వేలు పెట్టి చూసి, మట్టి పొడిగా ఉంటేనే పోయండి. మట్టి తడిగా ఉండి ఆకు వాడితే వేరు కుళ్లుతోంది, నీళ్లు పోస్తే ఇంకా తొందరగా పోతుంది.

ఈ రెండు నెలలు ఎరువు వేయొద్దు. పూలు ఆగిపోతాయి, ఆకులు చిన్నవవుతాయి, కొన్ని రాలతాయి. కొమ్మను గోటితో కొంచెం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పులు

*ఆర్వో వదిలే నీళ్లు పోయడం.* ఫ్లోరైడ్ భయంతో మన జిల్లాల్లో ఇంటింటికీ ఆర్వో మిషన్ ఉంది. ఒక పైపులోంచి తాగే నీళ్లు, ఇంకో పైపులోంచి వదిలేసే నీళ్లు. "వృథా ఎందుకు" అని ఆ రెండోవి మొక్కలకు పోస్తారు. బోరు నీళ్లలో ఉన్న ఉప్పంతా చిక్కబడి ఉండేది అందులోనే. కొన్ని వారాలకు కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకుల అంచులు మాడి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు బాత్రూమ్ కడగడానికి వాడుకోండి. ఇప్పటికే పోసి ఉంటే, కుండీ నీడలో పెట్టి, కుండీ పట్టేంత మంచి నీళ్లు రెండు మూడు దఫాలుగా పోసి, అడుగు నుంచి పూర్తిగా కారనివ్వండి. వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు ఈ పనికి అన్నిటికంటే మంచివి. అవి లేకపోతే మిషన్ భగీరథ నీళ్లు.

ఫ్లోరైడ్ వల్ల ఈ మొక్క పోతుందా అని చాలామందికి టెన్షన్. ఫ్లోరైడ్‌కు ఆకు కొనలు మాడేవి స్పైడర్ ప్లాంట్, డ్రసీనా లాంటివి. బడ్లియాకు మొదట తగిలే దెబ్బ ఉప్పుది, నీటిలోని సున్నపు గుణానిది. ఫ్లోరైడ్ తీసేయడానికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. అది తాగే నీళ్ల కోసం, పూల కుండీ కోసం ఆ శ్రమ అక్కర్లేదు.

*ఆకు పసుపు పడగానే యూరియా వేయడం.* ముందు ఏ ఆకు పసుపు పడిందో చూడండి. కింది ముదురు ఆకులు మొత్తంగా పసుపు పడితే నత్రజని తక్కువ కావచ్చు, లేదా నీళ్లు ఎక్కువ కావచ్చు. పైన లేత ఆకులు పసుపు పడి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉంటుంది, బోరు నీళ్ల సున్నం దాన్ని అందనివ్వదు. దీనికి లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కరిగించి, అప్పటికప్పుడే, చల్లటి పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వేరుశనగకు, వరి నారుకు రైతులు చేసేదే ఇది. వారం తర్వాత ఇంకోసారి. పాత ఆకు పూర్తిగా మారకపోవచ్చు. కొత్తగా వచ్చే ఆకు పచ్చగా వస్తే మందు పనిచేసినట్టు. ద్రావణం గోడల మీద, బండల మీద పడితే తుప్పు మరకలు పోవు, కుండీని పక్కకు జరిపి కొట్టండి.

*ఎరువు ఎక్కువ వేయడం.* కోళ్ల ఎరువు, డీఏపీ, పచ్చి పేడ నీళ్లు, ఏదీ వద్దు. ముదురు పచ్చ ఆకులతో గుబురుగా పెరిగి ఒక్క కంకీ రాకపోతే కారణం ఇదే, లేదా నీడ. జూన్‌లో కత్తిరించాక రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, అక్టోబరులో ఇంకోసారి. అంతే.

*పురుగు మందు కొట్టడం.* సీతాకోకల కోసం మొక్క పెట్టి దాని మీద ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ కొట్టేవాళ్లున్నారు. ఇవి మొక్క లోపలికి పాకి తేనెలోకి కూడా చేరతాయి. చేసేది విందు, పెట్టేది విషం. ఎండలు ముదిరాక ఈ మొక్కకు వచ్చే అసలు శత్రువు ఎర్రనల్లి. ఆకు పైన ఇసుక చల్లినట్టు సన్నటి పాలిపోయిన చుక్కలు, అడుగున సన్నటి బూజు దారాలు. తెల్ల కాగితం మీద ఆకును దులిపితే కదిలే చుక్కలు కనిపిస్తాయి. పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టండి, మూడు రోజులకోసారి, పొద్దున్నే. చాలావరకు దీంతోనే పోతుంది. పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ఇంటి పక్కనే పత్తి చేను ఉండి మందు కొడుతుంటే ఆ పూట కుండీని లోపలికి జరపడం తప్ప వేరే దారి లేదు.

*కోతులు.* ఇది మీ తప్పు కాదు, కానీ మందార మొగ్గ ఒక్కటీ మిగలనివ్వని ఊళ్లలో చెప్పక తప్పదు. కుండీని పిట్టగోడ మీద పెట్టకండి, దొర్లించేస్తాయి.

బాగుందని ఎలా తెలుస్తుంది

నాటిన మూడు, నాలుగు వారాలకు మొదలు పట్టుకుని చాలా నెమ్మదిగా కదిపి చూడండి. పట్టు తగిలితే వేరు పాకినట్టు. కొత్త ఆకులు పాతవాటికంటే చిన్నవిగా రాకూడదు. అక్టోబరులో నాటితే చలికాలం ముగిసేలోపు మొదటి కంకులు కనిపించాలి. కంకి పొట్టిగా, సగమే పూసి ఎండిపోతుంటే ఎండ చాలడం లేదు, లేదా నీళ్లకు నీళ్లకు మధ్య మరీ ఎక్కువ ఎడం ఇస్తున్నారు.

సీతాకోకలు వస్తున్నాయో లేదో చూడాలంటే పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య చూడండి. రెక్కలకు ఎండ తగిలి వేడెక్కాకే అవి ఎగురుతాయి. ఉదయం ఆరింటికి చూసి "ఒక్కటీ రాలేదు" అంటే ఎలా. గాలి ఎక్కువగా ఉన్న బంగ్లా మూల పూసినా రావు, గోడ చాటున ఉన్న కుండీకి వస్తాయి.

మొక్క బాగా పూసినా అవి రాకపోతే లోపం మొక్కది కాదు. బడ్లియా తేనె మాత్రమే ఇస్తుంది. మన దగ్గరి సీతాకోకలు గుడ్లు పెట్టేది వేరే చెట్ల మీద. కరివేపాకు, నిమ్మ మీద నలుపు పసుపు మచ్చల నిమ్మ సీతాకోక పెడుతుంది. నల్లగొండ బత్తాయి రైతులకు దాని గొంగళి పురుగు బాగా తెలుసు, చిన్నప్పుడు పిట్ట రెట్టలా కనిపించి, పెద్దయ్యాక పచ్చగా మారుతుంది. జిల్లేడు మీద నారింజ రంగు ప్లెయిన్ టైగర్ పెడుతుంది. తంగేడు మీద లేత పసుపు, ఆకుపచ్చ తెలుపు రెక్కల ఎమిగ్రంట్‌లు పెడతాయి. కాబట్టి బడ్లియా పక్కన ఒక కరివేపాకు మొక్క పెట్టి, కొన్ని రెమ్మలు పురుగులకు వదిలేయండి. పప్పులోకి మిగిలినవి చాలు.

బడ్లియా దొరక్కపోతే

పట్టు పట్టి వెతకాల్సిన అవసరం లేదు. పెంటాస్ మన ఎండను దీనికంటే బాగా తట్టుకుంటుంది, దాదాపు ఏడాదంతా పూస్తుంది, కుండీలో రెండడుగులకు ఆగుతుంది. ఎర్ర పెంటాస్‌కు సీతాకోకలు బాగా వస్తాయి. నూరు వరహాలు పొట్టి రకం ఇంకో మంచి మొక్క, దానికి మాత్రం పుల్ల గుణం ఉన్న మట్టి కావాలి, బోరు నీళ్లకు ఆకు తొందరగా పసుపు పడుతుంది. చలికాలానికి జినియా, బంతి విత్తనాలు చల్లితే రెండు నెలల్లో పూస్తాయి. లాంటానాకు కూడా సీతాకోకలు వస్తాయి, నిజమే, కానీ అది మన అడవులను ఎలా కమ్మేసిందో నల్లమల వైపు వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు. దాన్ని కొని తెచ్చుకోకండి.

కొమ్మ ముక్కలతో ఇంకో మొక్క

ఈ పని చేసి పెట్టుకోండి. ఎండాకాలంలో తల్లి మొక్క పోయినా చేతిలో ఇంకొకటి ఉంటుంది. నవంబరు నుంచి జనవరి దాకా చేయొచ్చు, జూన్ కత్తిరింపులో పడిన లేత కొనలతోనూ చేయొచ్చు.

పూలు లేని, వంచితే విరగకుండా వంగే లేత కొమ్మను నాలుగైదు అంగుళాల పొడవున, కణుపుకు సరిగ్గా కింద కోయండి. కింది ఆకులు తీసేసి, పైన రెండు జతలు ఉంచండి, పెద్ద ఆకులైతే సగానికి కత్తిరించండి. సగం ఇసుక, సగం వర్మీకంపోస్టు నింపిన గ్లాసులో, అడుగున రంధ్రాలు చేసి, ఒక కణుపు మట్టిలోకి వెళ్లేలా గుచ్చండి. నీళ్లు పోసి, పైన కోసిన నీళ్ల సీసాను మూత తీసి బోర్లించి, ఎండ తగలని వెలుతురులో పెట్టండి. రోజుకోసారి సీసా ఎత్తి గాలి తగలనివ్వండి. మూడు నాలుగు వారాలకు కొత్త చిగురు వస్తుంది. చిగురు రాగానే వేరు వచ్చిందనుకుని పీకి చూడొద్దు, కొమ్మలో ఉన్న బలంతోనే మొదటి ఆకు రావచ్చు. గ్లాసు రంధ్రంలోంచి తెల్ల వేరు బయటికి కనిపించినప్పుడు మాత్రమే కుండీకి మార్చండి. నాలుగు గుచ్చితే అన్నీ బతకవు కాబట్టి ఎనిమిది గుచ్చండి, మిగిలినవి పక్కింటికి.